తాకరాని ఇనుము

హార్బర్ నీళ్ళలో తేలిన శవం జేబులో మూడు వస్తువులు దొరికాయి. దువ్వెన, తాళంచెవి, మోడరన్ ఆర్ట్ మ్యూజియం గార్డు ఐడెంటిటీ కార్డు.

"పోలిరాజు మనవాడు," అన్నాడు చీఫ్ గురునాథరావు. "ఈత బాగా వచ్చినవాడు. మెడ మీద సూది గుచ్చిన మచ్చ ఉంది."

ఆటోనగర్‌లో పాత ఇనుప సామాను కొట్టు వెనక గది అది. బయట రోజంతా సమ్మెట చప్పుడు. లోపలి మాట గోడ దాటదు. అందుకే కౌంటర్ ఇంటెలిజెన్స్ వాళ్ళు ఆ కొట్టు నడుపుతున్నారు.

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ ఆనందకుమార్ ఆ కార్డు చేతిలోకి తీసుకున్నాడు. పోలిరాజుతో కలిసి ట్రైనింగ్ అయినవాడు.

"బ్రీఫింగ్ విను," అన్నాడు చీఫ్. "బీచ్ రోడ్డు మ్యూజియంలో విదేశీ శిల్పాల ఎగ్జిబిషన్. పది రోజులు. ఇవాళ ఏడో రోజు. దానితో వచ్చిన కమిషనర్ పేరు విక్టర్. వాడే గూఢచారుల రింగ్‌కి ఇక్కడి లీడర్. మన సబ్‌మెరీన్లు హార్బర్‌లోకి వచ్చే ఛానల్ లోతుల చార్టు ఫిల్మ్ తీశారు. ఆ ఫిల్మ్ ఇప్పుడు ఆ హాల్లో ఉంది."

"మనుషుల్ని సోదా చెయ్యొచ్చుగా?"

"మనుషుల్ని చేస్తాం. శిల్పాల్ని చెయ్యలేం. డిప్లొమాటిక్ సీల్‌తో వచ్చాయి, అదే సీల్‌తో పోతాయి. మూడు రోజుల్లో, సాయంత్రం ఆరింటికి ఓడ."

"ఫిల్మ్ లోపల పెట్టినవాడు?"

"మన నిఘాలో ఉన్నాడు. వాణ్ని పట్టుకున్నా, ఫిల్మ్ మాయమైనా, శిల్పం మీద చిన్న గీత పడ్డా విక్టర్‌కి అర్థమైపోతుంది. అర్థమైతే కనకరత్నం బతకదు."

కనకరత్నం విక్టర్‌కి దుబాసీ. రింగ్ దృష్టిలో తమ మనిషి. నిజానికి మన మనిషి. రెండేళ్ళ క్రితం ఆమెను ఈ పనిలోకి దింపింది ఆనందకుమారే.

"వచ్చే వారం ఆమెను సింగపూర్‌లో రింగ్ పెద్దవాడి దగ్గరికి తీసుకెళ్తారు. అంతవరకు ఆమె మీద అనుమానపు నీడ పడకూడదు. ఫిల్మ్ మాత్రం ఓడ ఎక్కకూడదు."

"అంటే ముట్టుకోకుండా ఆపాలి."

"అంతే," అని చీఫ్ సొరుగు లాగాడు. "సిగరెట్ లైటర్. లోపల కెమెరా. ఫౌంటెన్ పెన్ను. లోపల స్క్రూడ్రైవర్."

మర్నాడు గేటు దగ్గరే సూపర్‌వైజర్ లైటర్ లాక్కున్నాడు. మ్యూజియంలోకి నిప్పు తేకూడదట. ఖాకీ యూనిఫాం, అతికించిన మీసం, జేబులో పనికిరాని పెన్ను. ఆనందకుమార్ వెళ్ళి పోలిరాజు కూర్చున్న స్టూలు మీదే కూర్చున్నాడు.

అతని ఎదురుగా తొమ్మిదో నంబరు ఎగ్జిబిట్. నిలువెత్తు ఇనుప ప్లేట్లు, వాటిని కలుపుతూ నలభై బోల్టులు. మొదటిరోజు అద్దంలా మెరిసిందట. కిటికీలు బార్లా తెరిచి సముద్రపు గాలికి వదిలేశారు. ఉప్పుగాలి రోజురోజుకీ ఎక్కించే తుప్పే ఆ శిల్పం. దాని ముందు బోర్డు: 'దయచేసి తాకరాదు'.

ఉక్కునగరం నుంచి షిఫ్టు దిగి వచ్చిన ఇద్దరు దాని ముందు ఆగారు.

"దీనికి టిక్కెట్టేటి బావా? మా షెడ్డు ఎనకాల ఇలాటివి బోల్డు పడున్నాయి."

"నోర్ముయ్ బావా. ఫారినోళ్ళ తుప్పు ఇది."

ఆనందకుమార్ నవ్వలేదు. తలుపుకి అటూ ఇటూ విక్టర్ మనుషులిద్దరు నిలబడి ఉన్నారు. మ్యూజియం తెరిచినప్పటి నుంచి మూసేదాకా కదలరు. శిల్పాలు పన్నెండు. ఫిల్మ్ ఎందులో ఉందో కనకరత్నానికి కూడా తెలియదు. విక్టర్ వెంట ఆమె హాల్లోకి వచ్చినప్పుడల్లా చేతిలో కేటలాగు ఉండేది. ఎడమచేతిలో ఉంటే ప్రమాదం. కుడిచేతిలో ఉంటే క్షేమం. రెండు రోజులుగా అది ఎడమచేతిలోనే ఉంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, ఊడ్చే మనిషి అసిరమ్మ అతని స్టూలు దగ్గర చతికిలపడింది. యాభై దాటిన మనిషి. ఆరేళ్ళుగా రోజుకూలీ. ఈ ఎగ్జిబిషన్ సక్రమంగా గడిస్తే ఉద్యోగం పర్మినెంటు చేస్తానని డైరెక్టర్ శ్రీరామ్మూర్తి మాటిచ్చాడు. ఆ సంగతి ఆమె రోజుకి నాలుగుసార్లు చెప్పేది.

"గార్డు బాబూ, ఈ బొమ్మతోటి సస్తన్నాను. పొద్దుటేల ఊడిత్తే మద్దేనానికి మళ్ళీ ఎర్రపొడి రాల్తంది. నేలంతా మరకలే. డైరెట్రుబాబు నన్ను తిడతన్నారు."

"తుప్పు కదా. రాలకేటి సేత్తాది?"

"అన్నిటికీ తుప్పట్టింది. ఆ బోల్టు ఒక్కదానికే పట్టనేదు, సూడు. పైనించి మూడోది. ఎండిలాగ మెరిసిపోతంది."

ఆనందకుమార్ తల తిప్పలేదు. కాసేపాగి ఆవలిస్తూ చూశాడు. ముప్ఫైతొమ్మిది బోల్టులు ఎర్రబడ్డాయి. ఒకటి మాత్రం తెల్లగా ఉంది, వేరే లోహం. దాని తల మీద నుంచి ప్లేటు మీదికి వెంట్రుకంత సన్నని నల్లగీత. బోల్టు తిరిగితే గీత కలవదు. పోలిరాజు దాన్ని తిప్పబోయాడు. మెడలో సూది దిగింది.

ఆ సాయంత్రం కొట్లో చీఫ్ గంటసేపు ఫోన్లు చేశాడు. ఢిల్లీ ఒకటే మాట. తాకవద్దు.

"లారీకి యాక్సిడెంట్ చేయిస్తే?" అడిగాడు ఆనందకుమార్.

"పోలిరాజు చచ్చిన వారానికే యాక్సిడెంటా? విక్టర్ చిన్నపిల్లాడా?"

"మరి నేనేం చెయ్యాలి?"

గురునాథరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "గార్డువి. కాపలా కాయి."

పదో రోజు. ఎగ్జిబిషన్ పన్నెండింటికి మూసేశారు. మూడింటికి ప్యాకింగ్. విక్టర్ భోజనానికి బయల్దేరుతూ హాల్లోకి వచ్చాడు. పక్కన కనకరత్నం. నెమలికంఠం రంగు చీర, నల్లకళ్ళద్దాలు. కేటలాగు ఎడమచేతిలోనే ఉంది. అసిరమ్మ చీపురుతో ఎర్రపొడి ఎత్తుతోంది.

ఆనందకుమార్‌కి గార్డు చేయగలిగిన పని ఒకటి కనిపించింది. తిట్టడం.

"ఏటి అసిరమ్మా, ఊడుత్తన్నావా, ఆడతన్నావా? నేల సూడు ఎలాగుందో! మీ ఇంట్లో కత్తిపీటకి తుప్పడితే ఇలాగే ఒగ్గేత్తావేటి? ఇలాటి పనికి పర్మినెంటు ఎవులిత్తారు నీకు?"

అసిరమ్మ మొహం మాడిపోయింది. విక్టర్ ఆగాడు.

"వాట్ ఈజ్ హీ షౌటింగ్?"

కనకరత్నం నల్లకళ్ళద్దాల్లోంచి ఆనందకుమార్ వైపు ఒక్క క్షణం చూసింది.

"నేల మీద ఎర్రమరకలు ఉన్నాయని తిడుతున్నాడు," అంది ఇంగ్లీషులో. కత్తిపీట సంగతి చెప్పలేదు.

"క్లీన్ చెయ్యనివ్వండి," అన్నాడు విక్టర్, తలుపు దగ్గరి మనుషులకి సైగ చేస్తూ. వెళ్ళిపోయాడు.

అసిరమ్మ బకెట్టు పట్టుకుని వచ్చింది. కిరసనాయిలు వాసన గుప్పుమంది. ఆమె చేతిలో గరుకు కాగితం ఉంది.

ఇప్పుడైనా ఆపొచ్చు. ఆపాల్సిన ఉద్యోగం కూడా అతనిదే. అసిరమ్మా, ఆ బొమ్మ ముట్టుకుంటే నీ ఆరేళ్ళ కష్టం గంగలో కలుస్తుంది అని ఒక్కమాట చెప్పొచ్చు. చెబితే కనకరత్నం?

ఆనందకుమార్ స్టూలు ఎదురుగోడ వైపు తిప్పుకున్నాడు. అక్కడ మ్యూజియం వాళ్ళ పెయింటింగ్, ఒక పెద్ద నీలం చతురస్రం, వేలాడుతోంది. వెనక గరుకు కాగితం బరబరా రాస్తూనే ఉంది. విక్టర్ మనుషులు గుమ్మంలోంచి తొంగిచూశారు. బకెట్టు, గుడ్డ, ముసలిది. మళ్ళీ బయటికి తిరిగారు. ఆ నీలం చతురస్రాన్ని అతను గంటన్నర చూశాడు. దాని అర్థం మాత్రం తెలియలేదు.

రెండున్నరకి విక్టర్ తిరిగొచ్చి గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. తొమ్మిదో నంబరు మొదటిరోజులా తళతళలాడుతోంది.

పరుగున వెళ్ళి మూడో బోల్టు మీదికి వంగాడు. నల్లగీత చెక్కుచెదరలేదు. తుప్పు లేని ఆ బోల్టునీ, దాని చుట్టూ తుప్పు పట్టని చోటునీ అసిరమ్మ ముట్టుకోలేదు. విక్టర్ నెమ్మదిగా ఊపిరి వదిలాడు.

"ప్యాక్ చెయ్యండి. క్విక్."

డైరెక్టర్ శ్రీరామ్మూర్తికి జరిగింది అర్థమైంది. కానీ గొడవ బయటపడకుండా బొమ్మ ఊరు దాటితే ఆయనకీ మంచిదే. కండిషన్ రిపోర్టులో 'వచ్చినప్పటి స్థితిలోనే ఉంది' అని రాసి సంతకం పెట్టేశాడు. ఇరవై నిమిషాల్లో చెక్కపెట్టెకి మేకులు దిగాయి. సీల్ పడింది.

ఆనందకుమార్ స్టూలు మీద కూర్చునే ఉన్నాడు. పాడైన బొమ్మ ఓడెక్కదని ఒక ముసలిదాని బతుకు పణంగా పెట్టాడు. బొమ్మ మాత్రం వెళ్ళిపోతోంది.

పోర్టికోలో లారీ ఇంజన్ ఆన్ అయింది. మిగిలింది ఒక్క సంతకం, ఇన్సూరెన్స్ సర్వేయర్ జాన్‌బాబుది. అది లేకుండా ఓడ కెప్టెన్ పెట్టె ఎక్కించుకోడు. విక్టర్ కాగితాలు లారీ బానెట్ మీదే పరిచాడు. జాన్‌బాబు పెన్ను మూత తీశాడు. ఆనందకుమార్ పది అడుగుల దూరంలో అటెన్షన్‌లో నిలబడ్డాడు. మూడు ఇరవై. పెన్ను కాగితాన్ని తాకింది. 'జా' అని పడింది.

జాన్‌బాబు ముక్కు ఎగబీల్చాడు.

"కిరసనాయిలు వాసనేటండీ?"

"లారీది," అన్నాడు శ్రీరామ్మూర్తి గబగబా.

"లారీది డీజిలండీ. నాను ఇరవయ్యేళ్ళుగా మంటల క్లెయిములు సూత్తన్నాను. ఈ వాసన పెట్టెలోంచి వత్తంది."

"డిప్లొమాటిక్ సీల్!" అని అరిచాడు విక్టర్.

"సీల్ మీది సార్. సంతకం నాది. తెరిస్తే పెడతాను, నేదంటే నేదు."

పెట్టె ఊడింది. జాన్‌బాబు ఫైల్లోంచి మొదటిరోజు ఫొటో బయటికి తీశాడు. నిన్నటి ఫొటో దాని పక్కన పెట్టాడు. ఎదురుగా ఉన్న మెరుపు చూశాడు.

"ఈ పాలసీలో రోజురోజుకీ తుప్పు పెరగాలని రాసుంది. ఇప్పుడు తుప్పే నేదు. టోటల్ లాస్, బొమ్మ పోయినట్టే లెక్క. మద్రాసు నుంచి పెద్ద సర్వేయర్ వచ్చేవరకు ఒక్క మేకు కదపకూడదు. హాలుకి తాళం పెట్టండి."

విక్టర్ మొహం కందగడ్డలా అయింది. వాడి వీసా ఆ రోజుతో సరి. "ఎవరు చేశారిది?"

అసిరమ్మను లాక్కొచ్చారు. ఆమె చీరంతా ఎర్రగా ఉంది. చేతులు ఒరుసుకుపోయి నెత్తురు ఓడుతున్నాయి.

"నానే సేసినాను బాబూ," అంది, మెచ్చుకుంటారన్నట్టు. "సుబ్బరంగా తుడిసీసినాను." ఎవరూ మాట్లాడకపోయేసరికి ఆమె గొంతు సన్నబడింది. "తప్పేటి? గార్డు బాబే కదా తిట్టినారు? సెప్పండి బాబూ."

విక్టర్ కళ్ళు ఆనందకుమార్ మీదికి తిరిగాయి. చల్లని కళ్ళు. పోలిరాజు ఆఖరుసారి చూసిన కళ్ళు.

"నాను నేల తుడమన్నాను సార్," అన్నాడు ఆనందకుమార్. "బొమ్మ ముట్టుకోమని నానెందుకంటాను? బోర్డుంది కదా సార్."

"నాకు సదువు రాదు బాబూ," అంది అసిరమ్మ.

విక్టర్ కనకరత్నం వైపు తిరిగాడు. ఆమె భుజాలు ఎగరేసింది. "నేల గురించే అన్నాడు. మీరే కదా క్లీన్ చెయ్యనిమ్మన్నారు."

విక్టర్‌కి గుర్తొచ్చింది. తనే చెప్పాడు. బోల్టు మీద గీత అలాగే ఉంది. ఇది గూఢచారుల పని కాదు, ఊడ్చేదాని తెలివితక్కువ. వాడు పళ్ళు కొరుకుతూ కారెక్కాడు. శ్రీరామ్మూర్తి అక్కడికక్కడే అసిరమ్మను పనిలోంచి తీసేశాడు. ఆరింటికి ఓడ బయల్దేరింది. అందులో తొమ్మిదో నంబరు పెట్టె లేదు. డెక్ మీద నెమలికంఠం చీర రెపరెపలాడింది. కేటలాగు కుడిచేతిలో ఉంది.

మూడు వారాలకి మద్రాసు నుంచి పెద్ద సర్వేయర్ వచ్చాడు. ఆయన చీఫ్ మనిషి. వెంట అసిస్టెంటుగా వచ్చిన దేవదానం ఆటోనగర్‌లో లేతు మిషన్ మీద వెంట్రుక మీద వెంట్రుక చెక్కగలవాడు. మూసిన తలుపుల వెనక బోల్టు విప్పారు, ఫిల్మ్ మార్చారు, గీత కలిపారు. బొమ్మ సగౌరవంగా ఓడెక్కింది. ఆ ఫిల్మ్‌లోని లోతుల్ని నమ్మి వచ్చే ఓడ ఏదైనా ఇసుకలో కూరుకుపోతుంది.

"అసిరమ్మ సంగతేమిటి సార్?" అడిగాడు ఆనందకుమార్.

"కనకరత్నం తిరిగొచ్చేదాకా ఆమెకి ఎవరూ ఏ మేలూ చెయ్యకూడదు. వాళ్ళు చూస్తూ ఉంటారు." చీఫ్ ఫైలు మూశాడు. "ఆమెను కూడా తాకరాదు."

మార్చిలో ఒకరోజు ఉదయం ఫిషింగ్ హార్బర్ బయట అసిరమ్మ బుట్టలో ఎండుచేపలు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆనందకుమార్‌కి ఇప్పుడు మీసం లేదు, యూనిఫాం లేదు. అయినా ఆమె గుర్తుపట్టింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బావుణ్ననుకున్నాడు.

"నీ ఉజ్జోగం కూడా ఊడబీకినారేటి బాబూ?"

"ఊఁ," అన్నాడు. అంతకంటే చెప్పడానికి వీల్లేదు.

"పాపం." ఆమె చేపల మీద ఈగల్ని తోలింది. "ఆ ఇనుప బొమ్మకి మళ్ళీ తుప్పట్టిందా?"

"పట్టే ఉంటుంది."

"పట్టదా మరి? కిరసనాయిలుతో తుడిసినాక పైన కొబ్బరినూని రాయాల. రాద్దునే." అసిరమ్మ విసుగ్గా తలాడించింది. "అంతలో గెంటీసినారు, పని తెలీనోళ్ళు."