ఎఫ్ ఎలెవెన్ నొక్కిన పిల్ల

పొద్దున షట్టర్ ఎత్తగానే ఉరుకుందు శవం బయటికి ఒరిగింది.

కోసిగి నుంచి పనికొచ్చిన హమాలీ. రెండు పిడికిళ్లూ కమిలిపోయి ఉన్నాయి. ముక్కునిండా దూది నుసి. ఆదోని శివార్లలోని ఆ పత్తి జిన్నింగ్ మిల్లు గోడౌన్‌కు కిటికీలు లేవు. షట్టర్ ఒక్కటే దారి.

"తాగి లోపల పడుకున్నాడు మేడమ్. తాళం వేయలేదు. షట్టర్ ఊరికే దించి ఉండె," అన్నాడు మేనేజర్ రాజశేఖర్, తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటూ.

తాళం సంగతి తేల్చగలిగేది గోడౌన్ ఎదుటి కెమెరా ఒక్కటే. దాని రికార్డింగ్ ఆఫీసు కంప్యూటర్‌లో ఉండాలి. తెరిస్తే ఖాళీ. ఒక్క ఫైలూ లేదు.

ఎస్సై గౌరికి ఒళ్లు మండింది. సాక్ష్యం మాయమవడం ఆమెకు కొత్త కాదు. దోషిని కూడా ముందే కూర్చోబెట్టి ఉంచడమే కొత్త.

ఆ దోషి పేరు తబస్సుమ్. మిల్లులో కంప్యూటర్ ఆపరేటర్. పొద్దున్నుంచీ ఆఫీసు గదిలోనే ఉంచారు. గుమ్మంలో కానిస్టేబుల్. బయట ఎండలో ఆమె తండ్రి కరీం సాబ్. మేనేజర్ చెప్పిందంతా కానిస్టేబుల్ ఆమె మాటగా రాసేశాడు. సంతకం పెడితే సాక్ష్యం చెరిపిన కేసులో ఆమె లోపలికి పోతుంది.

"నేనే నొక్కినాను మేడమ్," అంది, అడగకముందే.

"ఏం నొక్కినావ్?"

"ఎఫ్ ఎలెవెన్."

"ఎందుకు?"

"సాయంత్రం ఇంటికి పోతాంటే గోడౌన్ కాడ దబదబా సప్పుడు. కెమెరాలో సూద్దామని వెనక్కి వచ్చినా. స్క్రీన్ కదల్లేదు. ఆపి, ఆన్ చేసి, ఎఫ్ ఎలెవెన్ నొక్కినా. అట్ల చేస్తే బాగైతాదని షోరూములో సెప్పింటిరి."

"అప్పుడు?"

"నీలం స్క్రీన్ వచ్చింది. అంతా తీసేసి కొన్నప్పటి మాదిరి చేయాల్నా అని అడిగింది. భయమేసి ప్లగ్గు పీకేసినా. అంతలో సార్ వచ్చినాడు. దూది బేళ్లు దించుతాండారు, ఆ సప్పుడే, నువ్వు ఇంటికి పో అన్నాడు. పొద్దున చూస్తే అంతా పోయింది. సచ్చిపోయిన ఆయప్పకు నేనే అన్యాయం చేసినా మేడమ్."

"ఒప్పుకుంది కదా మేడమ్," అన్నాడు రాజశేఖర్. "పాపం, చిన్నపిల్ల. తెలీక చేసింది."

అతని జాలి చూస్తే గౌరికి అసహ్యం వేసింది.

గది ఇరుకు. ఫ్యాన్ తిరుగుతోంది, గాలి మాత్రం రావడం లేదు. గౌరి కంప్యూటర్ ముందు కూర్చుంది. స్క్రీన్ కింద కుడి మూలన లేత అక్షరాలు. 'యాక్టివేట్ విండోస్'.

పొద్దున్నుంచీ అందరూ చూశారు. ఎవరికీ పట్టలేదు. పట్టదు కూడా. బజారులో జిరాక్స్ షాపు నుంచి ఫొటో స్టూడియో దాకా సగం కంప్యూటర్లలో అవే అక్షరాలు. కళ్లకు అలవాటైపోయాయి.

"ఇవి ముందు నుంచీ ఉండేవా?"

తబస్సుమ్ మొదటిసారి తలెత్తింది. "లేదు మేడమ్. ఇది కొత్తది. ఎమ్మిగనూరులో కొన్నారు. లోపల విండోస్ కూడా కంపెనీవాళ్లే వేసి ఇచ్చినారు."

"కీబోర్డు భాషల్లో కన్నడ ఉంది. అది ముందు నుంచీ ఉండేదా?"

"అదీ లేదు మేడమ్."

గౌరి లేచి మేనేజర్ క్యాబిన్‌లోకి నడిచింది. అతని కంప్యూటర్ ఆన్ చేసింది. మూలన అవే అక్షరాలు. భాషల్లో అదే కన్నడ.

"దీంట్లో విండోస్ యాడ వేయించినారు?"

"బళ్లారిలో. పోయినేడు పాడైతే..." రాజశేఖర్ మాట మింగేశాడు.

గౌరి ఆఫీసు గదిలోకి తిరిగొచ్చి కరీం సాబ్‌ను కూడా లోపలికి పిలిచింది.

"కంపెనీ విండోస్ వేసి అమ్మిన మిషన్‌కు లైసెన్స్ లోపలి బోర్డులోనే ఉంటుంది. ఎఫ్ ఎలెవెన్ నొక్కి రికవరీ చేస్తే ఆ విండోసే లైసెన్స్‌తో సహా తిరిగొస్తుంది. ఈ మిషన్‌తో వచ్చింది విండోస్‌లో హోమ్ రకం, డబ్బా మీద స్టిక్కరే చెప్తోంది. ఇప్పుడున్నది ప్రో అనే వేరే రకం. లైసెన్స్ లేదు, అందుకే మూలన ఆ అక్షరాలు. అంటే రికవరీ జరగనే లేదు. ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టి అంతా చెరిపి కొత్తది వేశారు. ఈ పిల్ల ఏం నొక్కినా కన్నడ రాదు."

"నాకు కంప్యూటర్ పనులు రావు మేడమ్."

"ఆ గుత్తి ఇటివ్వండి."

గుత్తికి అయిదారు తాళంచెవులు. వాటి మధ్య చిన్న ఇనుప పెన్‌డ్రైవ్. కొన మీద బళ్లారి షాపు స్టిక్కర్.

"పైన కొత్తది వేసినంత మాత్రాన కింద ఉన్నదంతా పోదు," అంది గౌరి. "ల్యాబ్‌లో తవ్వి తీస్తారు. ఏం కనిపిస్తుందో మీరే చెప్తారా?"

రాజశేఖర్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఊరికి పోతానని గలాటా చేసినాడు. బుద్ధి రానీలే అని తాళం వేసినా. తట్టినాడు. కాసేపాగి తీద్దామనుకున్నా. మర్చిపోయినా మేడమ్. తెల్లారుజామున గుర్తొచ్చి తాళం తీసి పిలిస్తే పలకలేదు, భయపడి కెమెరాదంతా చెరిపేసినా."

కానిస్టేబుల్ తను రాసిన కాగితాన్ని మెల్లగా చింపేశాడు.

"పోదాం రా బేటీ," అన్నాడు కరీం సాబ్. ఆయన కళ్లనిండా నీళ్లు.

తబస్సుమ్ కుర్చీలోంచి కదల్లేదు.

"నువ్వేం చేయలేదమ్మా. ఇంటికి పో," అంది గౌరి.

"నిన్న సార్ కూడా అదే మాట అన్నాడు మేడమ్. ఇంటికి పో అని. ఆ సప్పుడు ఇంకా ఇనపడతానే ఉండె. పోయినా."