ఉప్పెక్కువైన సముద్రం

చచ్చిన పగడాన్ని అంటగట్టారని గొడవ పెట్టుకోవడానికి మావాడు అక్వేరియం షాపుకి బయల్దేరాడు. వెనకే, తల్లిని కదా, నేనూ వెళ్ళాను. గొడవ వాడు పెట్టుకుంటాడు, వాణ్ణి ఎవరైనా కొడితే నేను అడ్డం పడతాను. అదీ ఏర్పాటు.

మావాడికి ఇరవై తొమ్మిదేళ్ళు. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు. రోజంతా జనం కళ్ళతోనే పని, అయినా ఒక్క ఆడపిల్ల కళ్ళలోకి తిన్నగా చూసిన పాపాన పోలేదు. అలాంటివాడు ఉన్నట్టుండి ముందుగదిలో రెండడుగుల గాజు ట్యాంకు పెట్టి, అందులో ఉప్పునీళ్ళు పోసి, సముద్రం అన్నాడు. చేపలు పెంచితే కనీసం ఈదుతాయి. వీడు పెంచేది మెత్తటి పగడాలు. అవి రాయికి అతుక్కుని ఊగుతుంటాయి. వీడు కుర్చీకి అతుక్కుని వాటిని చూస్తూ ఊగుతుంటాడు. ట్యాంకు పగిలి కింది వాటావాళ్ళు మునిగిపోతారేమో, నీళ్ళలోకి కరెంటు దిగుతుందేమో, దాని మీద పెట్టిన నీలం లైటుకి వీడి చూపు పోతుందేమో అని నేను మాత్రం ఆ గదిలో చెప్పుల్లేకుండా అడుగుపెట్టలేదు.

షాపులో బల్ల వెనక ఒకమ్మాయి ఉంది. కళ్ళకి ప్లాస్టిక్ అద్దాలు, చేతులకి గ్లవ్స్, వేళ్ళ మధ్య ఆపరేషన్ కత్తి.

"ఏమైందండీ?" అంది తల ఎత్తకుండా.

"ఇది... మీ షాపులోదే... చనిపోయిందండీ" అంటూ మావాడు డబ్బా ముందుకు జరిపాడు. గొడవ పెట్టుకునేవాడిలా లేడు, దొంగసొత్తు అప్పగించేవాడిలా ఉన్నాడు.

ఆ అమ్మాయి డబ్బాలోకి తొంగి చూసింది. పుట్టగొడుగులాంటి పగడం, గొడుగు మూసుకుని కూర్చుంది.

"ఎన్నాళ్ళైంది ముడుచుకుని?"

"ఎనిమిది రోజులు."

"పైన మైనంలా పొర కట్టింది, చూశారా?"

"చూశాను. కుళ్ళిపోయిందనుకున్నా."

"కుళ్ళలేదు. పాత పొర వదిలించుకుంటోంది. అయ్యాక తనే విచ్చుకుంటుంది. మీరు బాత్రూంలో స్నానం చేస్తుంటే తలుపు పగలగొట్టి, పాడె కట్టి మోసుకొస్తే మీకెలా ఉంటుంది? ప్రస్తుతం దానికి అలా ఉంది."

నాకు నవ్వొచ్చింది. కన్నకొడుకుని అంటుంటే నవ్వడం పద్ధతి కాదని దగ్గులోకి తిప్పాను.

"ఎన్నిసార్లు ముట్టుకున్నారు?"

"అసలు ముట్టుకోలేదండీ."

"నిజం చెప్పండి."

"...రోజుకి నాలుగుసార్లు."

"అబద్ధం చెప్పేవాళ్ళకి నేను పగడాలమ్మను. వీటికి నోరు లేదు కదా, మీరైనా నిజం చెప్పాలి. లేకపోతే నేనేం చూసి బాగుచేసేది?"

నా కళ్ళు ఆ అమ్మాయి చేతుల మీదే ఉన్నాయి. "అమ్మాయీ, ఆ కోస్తున్నది బతికున్నదేనా?"

"బతికున్నదేనాంటీ. కోస్తే రెండవుతుంది. రెండూ బతుకుతాయి."

దేవుడా అనుకుని మావాడి వైపు తిరిగాను. చెవులు ఎర్రగా ఉన్నాయి. పదో తరగతి ఫలితాలప్పుడు తప్ప వాడి చెవులు అలా కావడం నేను చూడలేదు. అప్పుడూ ఫెయిలయ్యాడు.

అక్కణ్ణుంచి మావాడి సముద్రానికి వారానికో జబ్బు. ఈ వారం నీటి పరీక్ష సీసా, వచ్చే వారం పంపు, ఆ పై వారం పంపుకి బ్రష్షు. షాపుకి వెళ్ళేముందు అద్దంలో అరగంట. కొనుక్కొచ్చేది బ్రష్షు, పూసుకెళ్ళేది సెంటు.

"నేరుగా చెప్పొచ్చు కదరా" అన్నాను ఒకరోజు ఆగలేక.

"ఏం చెప్పాలి?"

"నాకేం తెలుసు? నీ పంపు సంగతి."

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. మాటలు తక్కువ. "వాడు మధ్య అంతస్తులో ఇరుక్కున్నాడే. పైకీ పోడు, కిందికీ రాడు. కంగారుపడి బటన్లన్నీ నొక్కకు" అన్నారు.

నేను నొక్కకుండా ఉంటానా? ఆ ఆదివారమే షాపుకి ఫోన్ చేసి, ఆ అమ్మాయిని ట్యాంకు చూడ్డానికి రమ్మని నేనే పిలిచాను. వచ్చింది. మావాడు మూడు చొక్కాలు మార్చి, చివరికి మొదటిదే వేసుకున్నాడు.

"మీ ట్యాంకు బాగుందండీ" అంది, గాజుకి ముక్కు ఆనించి.

"మీరు చెప్పినట్టే చేశాను."

"నేను చెప్పనివి కూడా చేశారు. ఈ రాయెందుకు ఇలా ఖాళీగా పెట్టారు, బస్సులో కిటికీ సీటుకి కర్చీఫ్ వేసినట్టు?"

"అక్కడ... ఇంకోటి వస్తే పెడదామని."

"ఏది వస్తే?"

మావాడు నీళ్ళు నమిలాడు. నేను వంటింట్లోంచి, చెప్పరా సన్నాసీ అని లోలోపలే అరిచాను. వాడు, "ఏదైనా" అన్నాడు.

అప్పుడా అమ్మాయి తన సంగతి చెప్పింది. షాపులో ఒక మూల తొట్టిలో తనదంటూ ఒక పగడం ఉందట. ఆరేళ్ళ కిందట ఎవరో పారేస్తే, గోరంత ముక్క తీసుకొచ్చి పెంచిందట. ఇప్పుడది జానెడు చెట్టు, కొమ్మకొమ్మకీ చిట్టి చేతుల్లాంటి వేళ్ళు. పేరు మొండి. ఎవరికీ అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు. పగడాల పెంపకం కేంద్రంలో ట్రైనింగ్‌కి పదిహేను రోజులు వెళ్ళాలి, షాపులో మిగతావాళ్ళ మీద నమ్మకం లేదు.

"మీ దగ్గర ఉంచనా?" అంది. అడుగుతున్నది పగడం గురించే అయినా, పరీక్ష ఎవరికో నాకు అర్థమైంది. మావాడికీ అర్థమైనట్టుంది, మళ్ళీ చెవులు.

మర్నాడే మొండిని తెచ్చి ఆ ఖాళీ రాయి మీద కూర్చోబెట్టింది. "పెద్ద పనేం లేదు. రోజూ పొద్దున ఈ గీత దాకా ఫిల్టరు నీళ్ళు పోయాలి, అంతే. వేరే ఏమీ వెయ్యొద్దు."

మావాడిది పొద్దుటి డ్యూటీ. నీళ్ళు పోసే పని నాకు పడింది.

మొదటి రోజు పోశాను. రెండో రోజు కొలపాత్ర పట్టుకుని నిలబడిపోయాను. రాత్రికి రాత్రి నీళ్ళు వేలి మందం తగ్గాయి. తగ్గిన నీళ్ళతో ఉప్పూ పోయి ఉంటుంది కదా? ఇలా రోజూ చప్పటి నీళ్ళు పోస్తూపోతే పదిహేను రోజులకి అది బావినీళ్ళవదూ? పరాయిపిల్ల ఆరేళ్ళు పెంచిన జీవం, నా చేతుల్లో చప్పబడి చస్తే? ఆ అమ్మాయి చెప్పడం మరిచిపోయి ఉంటుంది. ఈ కాలం పిల్లలకి అన్నిటికీ తొందర. ట్యాంకు కింద బకెట్లో సముద్రపు ఉప్పు ఉండనే ఉంది. రెండు గరిటెలు కలిపాను. రోజూ కలిపాను. మనసు కుదుటపడింది. నా మనసు కుదుటపడిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి మునుగుతుందని ఈపాటికి నాకు తెలిసుండాలి.

పన్నెండో రోజుకి మొండి వేళ్ళన్నీ ముడిచేసింది. మావాడు పొర వదిలించుకుంటోందేమో అన్నాడు. పదమూడో రోజుకి మిగతా పగడాలు కూడా వాలిపోయాయి. ఆ మధ్యాహ్నమే ఆ అమ్మాయి ట్రైనింగ్ నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చింది, రెండు రోజులు ముందుగా, చేతిలో బ్యాగుతోనే. మొహంలో ఏదో సంతోషం ఉంది. ట్యాంకు చూడగానే అది కాస్తా దిగిపోయింది.

ఉప్పు చూసే చిన్న గొట్టాన్ని కంటికి పెట్టుకుని, "ముప్పై అయిదు ఉండాల్సింది నలభై రెండుంది. ఎవరు వేశారు ఉప్పు?" అంది.

నేను గుమ్మంలో ఉన్నాను. చేతిలో గరిటె కూడా ఉంది. నోరు మాత్రం లేదు.

మావాడు నా వైపు చూశాడు. గరిటె వైపు చూశాడు. "నేనేనండీ" అన్నాడు.

"మీరా? ఆవిరయ్యేది నీళ్ళు, ఉప్పు కాదు. ఆ మాత్రం తెలియకుండానే సంవత్సరం నుంచి ట్యాంకు నడుపుతున్నారా?"

"మరిచిపోయాను."

"పదమూడు రోజులూ మరిచిపోయారా? వెయ్యడం మాత్రం రోజూ గుర్తుందా?" ఆమె గొట్టం కింద పెట్టేసింది. "నా అంతట నేనొకటి అడుగుదామని వచ్చాను మిమ్మల్ని. ఇప్పుడు అక్కర్లేదులెండి."

మిగతావాటి కోసం రోజూ కొంచెం ఉప్పునీళ్ళు తీసి మంచినీళ్ళు పొయ్యమని చెప్పింది. మొండిని ఆ ట్యాంకు నీళ్ళతోనే డబ్బాలోకి ఎక్కించి ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వెళ్ళిపోయింది.

"నేనని చెప్పలేదేంరా?" అన్నాను.

"నిన్ను అందరిముందూ ఓ మాట అంటుందని."

"అందరెవర్రా? ఉన్నది ముగ్గురం!"

మూడు రోజులు వాడు కంచం ముందు కూర్చుని లేచాడు. కొడుకు ఇలాగే మిగిలిపోతాడని, ముసలితనంలో నీలం లైటు కింద ఒక్కడే ఊగుతుంటాడని, అదంతా రెండు గరిటెల ఉప్పు వల్లనేనని కళ్ళకు కట్టినట్టు కనబడింది. వాన కురుస్తున్నా నాలుగో రోజు గొడుగేసుకుని షాపుకి వెళ్ళాను.

"ఉప్పు వేసింది నేను" అన్నాను బల్ల ముందు నిలబడి. మిగతాదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఆ అమ్మాయి కత్తి కింద పెట్టింది. "మీరా? వెయ్యొద్దని చెప్పాను కదాంటీ!"

"చెప్పావు. నేనే నమ్మలేదు."

"నన్నా?"

"నిన్నూ, నీళ్ళనీ, ఉప్పునీ. నాకు ఎవరి మీదా నమ్మకం ఉండదమ్మా. భయం మాత్రం ఉంటుంది."

ఆమె పెదవి బిగించింది. నవ్వో కోపమో తెలియలేదు. "మరి ఆయనెందుకు తన మీద వేసుకున్నారు? అబద్ధం చెప్పేవాళ్ళంటే నాకు పడదని తెలుసు. మొండి బతుకుతుంది, వేళ్ళు కదిలిస్తోంది. కానీ ఇంకోసారి మీ ఇంటికి మాత్రం పంపను."

"దాన్ని పంపకు" అన్నాను. "నువ్వు రా."

ఆమె గ్లవ్స్ తీసేసింది. షాపు యజమానికి గంటలో వస్తానని చెప్పి, నా గొడుగు కిందకి వచ్చింది. ఒక గొడుగు, ఇద్దరు ఆడవాళ్ళు, ఈదురుగాలి. నేను కాస్త తడిశాను, ఆమె పూర్తిగా తడిసింది. గుమ్మంలోకి రాగానే మావాడు కుర్చీలోంచి లేచాడు.

"ఎందుకు అబద్ధం చెప్పారు?" అంది గుమ్మంలోంచే, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా.

"అమ్మ మీద మీకు మొదట్లోనే చులకన భావం కలగకూడదని."

"మొదట్లోనే అంటే? తర్వాత ఏముంది?"

"మీరు ఈ ఇంటికి రావాలని."

"ట్యాంకు చూడ్డానికా?"

మావాడు నా వైపు చూడలేదు, గోడ వైపు చూడలేదు, జీవితంలో మొదటిసారి తిన్నగా ఒకరి కళ్ళలోకి చూశాడు. "కాదు. ఉండడానికి."

పంపు ఒక్కటే గుడగుడలాడింది.

"ఆ రోజు బ్యాగుతో వచ్చింది నేనూ ఇదే అడగడానికండీ. దారంతా ప్రాక్టీసు చేశా. మొత్తం మీ ఉప్పులో కొట్టుకుపోయింది" అంది. అని, నా వైపు తిరిగింది. "మీకు ఇష్టమేనా ఆంటీ?"

"నాకు భయంగా ఉంది" అన్నాను.

మావాడు తల పట్టుకున్నాడు. "మళ్ళీ ఏంటమ్మా? కత్తా?"

"కత్తి కాదురా, నువ్వే! మనసులో మాట చెప్పడానికి నీకు మూడు నెలలు పట్టింది. వానలో తడిసి వచ్చిన పిల్లని పావుగంటగా గుమ్మంలో నిలబెట్టావు. జలుబు చేస్తే? అది గుండెల్లోకి దిగితే? నీతో ఈ అమ్మాయి ఎలా వేగుతుందోనని భయంగా ఉంది!"

మూల కుర్చీలో మా ఆయన పేపరు మడిచారు. "అయిపోయిందమ్మాయీ" అన్నారు. "మా ఆవిడ నీ గురించి భయపడ్డం మొదలుపెట్టింది. ఇంక ఈ ఇంట్లోంచి నువ్వు తప్పించుకోలేవు."

ఆమె ఏదో అనబోయి తుమ్మింది. నేను తువ్వాలు కోసం పరిగెత్తాను.