గంటా అయిదు నిమిషాల ఐస్

"బాంబు రొయ్యల బాక్సులో ఉంది. టైమరు పదీ ఇరవైకి."

మధురపూడి ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డులో లోడర్ వేషంలో ఉన్న ఏజెంట్ తాతాజీ చెవిలో చీఫ్ వెంకటరమణ గొంతు ఆగింది. టైము పదీ ఎనిమిది.

రాజమండ్రి నుంచి హైదరాబాదు గాలిలో దాదాపు మూడువందల అరవై కిలోమీటర్లు, గంటా అయిదు నిమిషాల ప్రయాణం. తొమ్మిదీ నలభైకి లేచే విమానం నడిదారిలో పేలాలి. క్షిపణి శాస్త్రవేత్త సత్యకుమారితో పాటు అరవై ఎనిమిది మంది పోవాలి. అదీ విదేశీ ముఠా లెక్క.

పొగమంచు విమానాన్ని ఆపింది గాని టైమరుని ఆపలేదు. ప్రయాణికులంతా ఇంకా గోడ అవతల హాల్లోనే ఉన్నారు. వాళ్ళని బయటికి పంపడం మొదలైంది, కానీ దారి ఒక్కటే.

షెడ్డులో పదకొండు థర్మాకోల్ బాక్సులు. అన్నిటికీ ఒకే టేపు, ఒకే లేబులు. ఒక్కోటి విప్పి ఐసు తవ్వాలంటే మూడు నిమిషాలు కావాలి.

నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర. హారతి లోపలికి వచ్చింది. ముఠా నాయకుడి దగ్గర ఎక్స్‌పోర్ట్ మేనేజరు, ఇటు డిపార్టుమెంటుకి వేగు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టే మనిషిని తాతాజీ ఏనాడూ నమ్మలేదు.

"కౌంటెంతండి?" అందామె.

"ముప్పై." అదే కోడ్. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయని ఆ వ్యాపారంలో రోజంతా అడిగే మాటే కాబట్టి ఎవరూ తల తిప్పలేదు.

ఏ బాక్సో చెప్పమన్నాడు. తెలీదంది. ప్యాకింగప్పుడు తనని బయటికి పంపేశారట.

"ఐస్ ఎంతసేపటికి వేయాలని మాత్రం నాయకుడు నన్నడిగాడండి. ఫ్లైట్ టైం గంటా అయిదు నిమిషాలని చెప్పాను." అద్దాలు తీసింది. "అంతే చెప్పాను."

తాతాజీ భీమవరం ఐస్ ఫ్యాక్టరీలో పెరిగినవాడు. అక్కడ విమానం టైముకి ఐస్ వేసే మనిషి లేడు. చెరువు గట్టు, వ్యాను, షెడ్డు, ఫ్లైటు, అవతల మార్కెట్టు, అన్నీ కలిపి పది గంటలకి వేస్తారు. రొయ్యల పని తెలీని ముఠా వాళ్ళు గంటకి వేసిన ఐసు మాత్రం ఈపాటికి నీరైపోయి ఉంటుంది.

బాక్సులు ఒక్కొక్కటీ వంచి చూశాడు. మొదటిది గట్టిగా ఉంది. రెండోది, మూడోదీ అంతే. ఎనిమిదో దానిలో నీళ్ళు బిందెలోలా తొణికాయి.

వాచీలోంచి బ్లేడు లాగి టేపు కోశాడు. తేలుతున్న రొయ్యల కింద, ప్లాస్టిక్ కవరులో అంకెలు. రెండు నిమిషాల పది సెకన్లు. గోడ అవతల ఎవరో పసిబిడ్డ ఏడుస్తోంది. తాతాజీకి నిజంగానే భయం వేసింది.

"మీరు వెళ్ళిపోండి."

"నీళ్ళు కదిలితే వైర్లు కదుల్తాయండి. నేను పట్టుకుంటాను." చీర తడుస్తున్నా హారతి బాక్సుని రెండు చేతులా అదిమి పట్టుకుంది. అప్పుడు నమ్మాడామెని.

మొదటి వైరు. రెండోది. మూడోది తెగేసరికి అంకె నాలుగు దగ్గర ఆగిపోయింది.

విమానం టైముకే లేచిందని హారతి ఫోన్ చేసి అబద్ధం చెప్పడంతో, కొవ్వూరు లాడ్జిలో నాయకుడు వార్తల కోసం టీవీ ముందే కూర్చున్నాడు. గోదావరి వంతెన దాటి వెళ్ళిన పోలీసులకి అతను అక్కడే దొరికాడు.

మిగతా పది బాక్సులూ నాలుగు గంటలు ఆలస్యంగా హైదరాబాదు చేరాయి. ఒక్క రొయ్య కూడా పాడవలేదు.