పలకని ఇల్లు

ఆ మధ్యాహ్నం రికార్డు గదిలో నేనూ, గుమాస్తా తప్ప ఎవరూ లేరు. ఫ్యాను కిర్రు కిర్రుమంటూ తిరుగుతోంది. బల్ల మీద తెల్లదొరల కాలం నాటి రిజిస్టర్లు రెండు. ఒకటి జననాలది, ఇంకొకటి మరణాలది. అట్టలు చివికిపోయి, ముట్టుకుంటే వేళ్ళకి ఎర్రటి పొడి అంటుకుంటోంది.

"మేడమ్, మీ తాతగారు అసాధ్యులండీ," అన్నాడు గుమాస్తా, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని. "వాళ్ళమ్మగారు పోయిన నాలుగేళ్ళకి తీరిగ్గా పుట్టారు."

నవ్వేశాను. ఆయన చూపించిన చోట వేలు పెట్టి చదివాక నవ్వు ఆగిపోయింది. మరణాల రిజిస్టర్లో మా తాతమ్మ పేరు, ఆవిడ భర్త పేరు, వీధి, ఇంటి నంబరు. జ్వరంతో మృతి. నాలుగేళ్ళ తర్వాత, జననాల రిజిస్టర్లో అదే ఇంట్లో మగబిడ్డ. తల్లి పేరు రాసే గడిలో మళ్ళీ ఆవిడే. పక్కన మంత్రసాని వేలిముద్ర. మా అత్తయ్య దగ్గరుండి రాయించిన వంశవృక్షం చూస్తే, అందులో తాతయ్య తల్లి ఆవిడ కానే కాదు. ఆవిడ చెల్లెలు. ముత్తాతకి రెండో భార్య.

"మూడింట్లో ఏది నిజమో తేల్చుకుని రండి. అప్పటిదాకా మీ తాతగారి ఇల్లు మీ తమ్ముడిగారి పేరుకి మారదు," అన్నాడు గుమాస్తా.

నేను అచ్చాపీసులో ప్రూఫులు దిద్దుతాను. ఇరవై ఏళ్ళుగా అదే పని. తప్పు కనిపిస్తే వదిలెయ్యడం నా చేత కాదు. ఆ గుణమే నా కొంప ముంచింది.

అక్కడినుంచి నేరుగా అత్తయ్య ఇంటికి వెళ్ళాను. నాన్నకి అక్క ఆవిడ. ఎనభై తొమ్మిదేళ్ళు. రిజిస్టర్లో ఉన్న ఇల్లు అదే. రెండేళ్ళుగా నా తమ్ముడూ, మరదలూ ఆ ఇంట్లోనే ఉంటున్నారు. మా చిన్నప్పుడు నాన్న మమ్మల్ని పొద్దున్నే అక్కడికి తీసుకొచ్చేవాడు. మధ్యాహ్నం దాటకుండా బయల్దేరదీసేవాడు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

నేను వెళ్ళేసరికి వాన పట్టుకుంది. తమ్ముడు ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. మరదలు వంటింట్లో ఉంది. అత్తయ్య వసారా చివర, వెనక గది తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని బఠాణీలు వలుస్తోంది. ఆ గది పాత సామాన్లదని మాకు చెప్పేవారు. బయట పెద్ద ఇనప గడియ. లోపలినుంచి తడిసిన గుడ్డలు ముక్కిన వాసన.

గుమాస్తా చెప్పిందంతా చెప్పాను. అత్తయ్య చేతులు ఆగలేదు.

"మా నాయనమ్మ పోలేదే. పోయిందని రాయించారు."

"దేనికి?"

"మా తాత దొరల దగ్గర పనిచేసేవాడు. రెండు పెళ్ళిళ్ళంటే ఉద్యోగం ఊడుతుంది. ఆయనకేమో ఆవిడ చెల్లెలి మీద మనసయింది. తెలిసిన డాక్టరు చేత ఈవిడ చనిపోయిందని కాగితం రాయించి, అదిగో, ఆ గదిలో పెట్టి గడియ వేశారు."

"మరి తాతయ్య?"

"చెల్లెలికి పిల్లలు పుట్టలేదు." ఇంకో కాయ వలిచింది. "మా తాత దగ్గరే కదా ఉండేది, ఆ గది తాళం."

నేను ఆ గడియ వైపు చూశాను.

"కన్నరోజే బిడ్డని తెచ్చి చెల్లెలి ఒళ్ళో పెట్టారు. మా నాన్నకి మాటలొచ్చినప్పటినుంచీ ఒకటే చెప్పారు. ఆ గదిలో ఉన్నది దెయ్యం, పిలిస్తే పలకకు అని. ఆయన మాకు చెప్పాడు."

"సొంత తల్లి అని తాతయ్యకి..."

"తెలీదు. తెలీకుండానే పోయాడు. నాకు మంత్రసాని చెప్పింది, రిజిస్టర్లో అసలు పేరు రాయించిందీ అదే."

"ఎన్నేళ్ళు బతికింది?"

"నాకు ఎనిమిదేళ్ళు వచ్చేదాకా. అన్నం కిటికీలోంచి తోసేవాళ్ళు. రోజూ సందె వేళ తలుపు దగ్గరికొచ్చి, ఎవరైనా ఉన్నారా, అని అడిగేది. నేను కావాలనే అక్కడ కూర్చుని, ఊపిరి బిగబట్టి వినేదాన్ని." అత్తయ్య బోసి నోటితో నవ్వింది. "భలే సరదాగా ఉండేదిలే."

ఆ నవ్వు చూసి ఒళ్ళు మండింది. "రేపే వెళ్ళి రాయిస్తాను. తాతయ్య తల్లి ఆవిడే అని."

"నువ్వు రాయించవు," అంది అత్తయ్య, మామూలుగానే.

వాన తగ్గింది. వసారాలో వెలుతురు పలచబడింది. చూరు నుంచి నీళ్ళు ఒక్కో చుక్కా పడుతున్నాయి. ఆ చప్పుడు మధ్యలో తలుపుకి అవతల ఏదో నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. ఆగింది.

"ఎవరైనా... ఉన్నారా?"

పొడిబారిన గొంతు. చాలా మర్యాదగా అడిగింది.

అత్తయ్య బఠాణీలు వలుస్తూనే ఉంది. కళ్ళతో మాత్రం నన్ను వద్దంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మరదలు ఊపిరి బిగబట్టిందని నాకు అర్థమైంది. అంటే, రోజూ ఉన్నదే.

"అమ్మా... ఎవరైనా..."

నూరేళ్ళు పైబడి అడుగుతోంది. కన్నకొడుకు కూడా పలకలేదు. నా వల్ల కాలేదు.

"ఉన్నాను తాతమ్మా. నేను నీ మునిమనవరాల్ని."

అత్తయ్య చేతిలో కాయ జారి కింద పడింది. తలుపు వెనక నుంచి చిన్నగా...

"దాహం, తల్లీ."

కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచాను. అత్తయ్య ఆపలేదు. గడియ తీస్తుంటే తుప్పు అరచేతికి గుచ్చుకుంది. లోపల మసక చీకటి. కాలు విరిగిన కుర్చీలు, పాత గొడుగులు, ఇటుకలతో మూసేసిన కిటికీ. మనిషి లేదు. నాలుగడుగులు వేశాను. గ్లాసు నేల మీద పెట్టి వెనక్కి తిరిగాను.

తలుపు మూసుకుంటోంది. సందులో అత్తయ్య వేళ్ళు కనిపించాయి, బఠాణీ తొక్కల పచ్చటి మరకలతో.

గడియ పడింది.

"అత్తయ్యా! ఏంటిది?"

"పలికినవాళ్ళు ఆవిడవాళ్ళే అమ్మా," అంది తలుపుకి నోరు ఆనించి, గుసగుసగా. "మీ తమ్ముడికి రేపో మాపో పిల్లలు పుడతారు. నువ్వు బయటుంటే ఆవిడ కూడా నీ వెంట బయటికొస్తుంది."

ఆవిడ నాతో అన్న ఆఖరి మాట అదే. అరిచాను. తలుపు బాదాను. మరదల్ని పిలిచాను. కొళాయి కింద గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది, అంతే.

కాసేపటికి వీధి తలుపు తెరుచుకుంది. తమ్ముడు! చెప్పులు విడిచిన చప్పుడు, గొడుగు దులిపిన చప్పుడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"తమ్ముడూ! నేనురా, అక్కని! గడియ తియ్యి!"

అడుగులు వసారా మధ్యలో ఆగిపోయాయి.

"అక్క వచ్చిందా?" అడిగాడు.

"వచ్చింది, వెళ్ళిపోయింది. ఇవాళ దాని గొంతుతో పిలుస్తోంది," అంది అత్తయ్య. "పలకావంటే చూడు."

"అబద్ధంరా! నీ పెళ్ళిరోజు నీ షర్టు బొత్తాం ఊడిపోతే నేనే కుట్టాను. సూది గుచ్చుకుని నువ్వు నన్ను తిట్టావు. గుర్తు లేదూ? నేనురా..."

అడుగులు దగ్గరికొచ్చాయి. వాడి ఊపిరి తలుపు సందులోంచి నా మొహానికి తగిలింది. వెక్కుతున్నాడు.

"అచ్చం అక్కే, అత్తయ్యా," అన్నాడు. "ఆ బొత్తాం సంగతి కూడా చెబుతోంది."

"దానికన్నీ తెలుస్తాయి. రా, అన్నం చల్లారిపోతుంది."

వాడు కదల్లేదు. గడియ మీద చెయ్యి వేశాడు, ఇనుము కదిలింది. నేను ఊపిరి కూడా తీసుకోలేదు. అప్పుడు లోపలి గుమ్మం దగ్గర నుంచి మరదలి గొంతు వినిపించింది. "ఏమండీ, వదిన వెళ్ళేటప్పుడు నేనే వీధి చివరిదాకా దిగబెట్టాను. రండి."

గడియ మీద నుంచి చెయ్యి తీసిన చప్పుడు.

ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. కంచాల చప్పుడు స్పష్టంగా వినబడుతోంది. ఇంకా పిలిచాను. మెల్లగా గొంతు ఎండిపోయింది. వాళ్ళు కబుర్లలో పడ్డారు. ఎవరో నవ్వారు... తమ్ముడే.

తలుపుకి ఆనుకుని కూర్చున్నాను. తాతమ్మ అలికిడి లేదు. గదిలో ఇంకెవరూ లేరనే అనుకున్నాను...

మూసేసిన కిటికీ కింద, గొడుగుల కుప్పలో ఏదో కదిలింది. ముసలి గొంతు కాదు. ఆరేడేళ్ళ పిల్ల గొంతు, నిద్రలోంచి లేచినట్టు.

"ఏడవకు," అంది. "నేనూ పలికాను. నువ్వు ఎన్నోదానివి?"