అక్క గుండెలోని నంబరు

గుండె క్లినిక్‌లో ఆ సాయంత్రం ఆఖరి పేషెంటు టెక్నీషియన్ సొంత అక్కే. పది నెలల క్రితం వేరే ఆసుపత్రిలో అక్కకు పేస్‌మేకర్ పెట్టారు. అది కొట్టిస్తేనే ఆమె గుండె కొట్టుకుంటుంది.

"తొందరగా కానివ్వవే. మీ బావ కింద ఎదురుచూసి విసిగిపోతున్నాడు," అంటూ అక్క మంచం మీద వాలింది.

చెల్లెలు నవ్వుతూ, పేస్‌మేకర్ వివరాలు చదివే రీడర్‌ని అక్క ఎడమ భుజం కింద ఆనించింది. గదిలో స్పిరిట్ వాసన. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. తెర మీద పేస్‌మేకర్ సీరియల్ నంబరు వచ్చింది. మొదటి రెండంకెలు తయారైన ఏడాది, తర్వాతివి ఫ్యాక్టరీ. ఈ లెక్కన ఇది ఆరేళ్ళ పాతది. ఆ ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిందని అక్క తెచ్చిన పేస్‌మేకర్ కార్డు మీద నంబరు వేరే ఉంది.

చెల్లెలు మూలకు వెళ్ళి పేస్‌మేకర్ కంపెనీకి ఫోన్ చేసి తెర మీది నంబరు చెప్పింది.

"అది ఒక పెద్దాయనకు పెట్టిందండీ," అన్నాడు రికార్డులు చూసే మనిషి. "ఆయన పోయి పదహారు నెలలైంది. దాన్ని తీయలేదు. ఒంట్లో ఉండగానే పూడ్చిపెట్టారు."

"సరిగ్గా చూడండి."

"మూడుసార్లు చూశాను మేడమ్."

చెల్లెలు పేస్‌మేకర్ మెమరీలోని పాత లెక్కలు తెరిచింది. ఆయన పోయాక, అక్కకు పెట్టేలోపు ఆరు నెలలు. అక్కడంతా ఖాళీగా ఉండాలి.

లేదు. ఏ రోజూ ఖాళీ లేదు... యంత్రం కొట్టించిన దెబ్బలు సున్నా. పూడ్చిపెట్టిన ఆయన గుండె తనంతట తానే కొట్టుకున్నవి... రోజుకు లక్ష.

దాన్ని తీసి వేరేది పెట్టాలని సర్జన్‌కి ఫోన్ చేసింది. సోమవారం దాకా ఆపరేషన్ థియేటర్ ఖాళీ లేదన్నాడాయన. అంతవరకూ దాని జోలికి పోవద్దన్నాడు. ఆపితే అక్క నిమిషం కూడా ఉండదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"ఏమే, అలా పాలిపోయావు?"

"ఏం లేదక్కా."

అక్క గొంతు తగ్గించింది. "మీ బావతో కూడా అనలేదు... నడుం వాల్చితే చాలు, తడిమట్టి వాసన. పక్కన ఎవరో ముసలాయన ఉన్నట్టుంటుంది. 'ఇరుగ్గా ఉంది, కాస్త జరుగమ్మా' అంటాడు."

"నువ్వేం చేస్తావు?"

"జరుగుతాను. ఇంకేం చేయను?"

ఆ మాట అంటూనే అక్క మంచం అంచుకు జరిగింది. గోడవైపు ఖాళీ అయిన చోట... ఎవరో పడుకున్నట్టు తెల్లదుప్పటి మెల్లగా లోపలికి అణిగింది.