రెండు గుర్తుల చొక్కాలు

అసిరమ్మ శ్రీకాకుళంలో డిటెక్టివ్ నరసింగరావు గారి గది మెట్లెక్కి వచ్చేసరికి పొద్దున్న తొమ్మిది అయింది. కూర్చోమంటే కూర్చోలేదు. తలుపు చెక్క పట్టుకుని నిలబడి, "నాను దొంగని కాను బాబూ" అంది. మంచినీళ్ళు తాగి మళ్ళీ అదే మాట అంది.

నీళ్ళిచ్చినవాడు డేవిడ్‌రాజు. నరసింగరావు దగ్గర ఆరేళ్ళుగా సహాయకుడు. గురువుగారు తుమ్మినా అందులో ఏదో కిటుకు ఉంటుందని నమ్మే మనిషి. నరసింగరావు ఒకప్పుడు పోలీసు ఉద్యోగం చేసి, ఆ కంపు భరించలేక మానేశాడు. కుర్చీని జేబురుమాలుతో తుడవందే కూర్చోడు. దొంగలంటే ఆయనకు పెద్ద కోపం లేదు గాని, దొంగతనాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దేవాళ్ళంటే ఒళ్ళు మంట.

"ఎవరన్నారు దొంగవని?"

"మా అమ్మగారే. నరసన్నపేటలో రోడ్ల కంట్రాక్టరు జగన్నాధం బాబుగారి ఇల్లాలు, పద్మకుమారమ్మ. ఇరవయ్యేళ్ళ బట్టీ ఆ ఇంట్లో పని సేస్తన్నాను. బుధారం బీరువా సర్దమన్నాది. సాయంత్రానికి కాసులపేరు కనపణ్ణేదు. నన్ను ఈదిలోకి లాక్కొచ్చి, అందరి ముందర కొంగు ఇప్పించి దులిపినాది బాబూ! నా పెట్టి తెచ్చి రోడ్డు మీద బోర్లించినారు. ఆదివారం లోపల తెచ్చీకపోతే పోలీసులకి ఒప్పసెప్తారట."

"బుధవారం పొద్దున్నించి ఏం చేశావో చెప్పు. ఒక్క ముక్క వదలకు."

అసిరమ్మ కళ్ళు తుడుచుకుంది. అమ్మగారికి కామెర్లొచ్చి నాలుగు నెలలు మంచం మీదే ఉంది. అన్నాళ్ళూ పడగ్గదిలోని పెద్ద టేకు బీరువా జోలికి ఎవరూ పోలేదు. బాబుగారు మాత్రం తన బట్టలు లాక్కోవడం, తోసెయ్యడం. బుధవారం అసిరమ్మ కింది రెండు అరలూ దులిపి, చీరలు ఎండలో వేసి, వేపాకు పెట్టింది. మధ్యాహ్నం చొక్కాల అర పట్టింది. నగల సొరుగు దాకా రానేలేదు.

"సొక్కాలు మడత పెడతా ఉంటే నాలిగింటికి రెండేసి గుర్తులున్నాయి. మా సాకలి లచ్చుడు పెట్టిన మూడు సుక్కలు, దాని పక్కనే సున్నాలో గీత. ఏటి బాబూ ఇది, లచ్చుణ్ణి అడుగుతానుండండని బాబుగారితో అన్నాను. నీకెందుకే, పని సూసుకో అన్నారు. అంతే. ఇంకేటీ అవనేదు."

నరసింగరావు లేచి కోటు తగిలించుకున్నాడు. "డేవిడ్, పేట బస్సు ఎన్నింటికి?"

* * *

జగన్నాధం ఇల్లు బయటికి ముచ్చటగా ఉంది. గుమ్మానికి పచ్చరంగు, వరండాలో ట్రాన్సిస్టర్ పాట, నున్నగా దువ్వుకున్న తలతో యజమాని. కాసులపేరు వెతకడానికి వచ్చామనగానే కాఫీ తెప్పించాడు. కాఫీ మీద మీగడ తెట్టు కట్టి ఉంది. నరసింగరావు గ్లాసు ముట్టుకోలేదు.

"దొంగ దొరికిపోయినాది గదండీ. దాని సేత కక్కించడమే మిగిలింది" అన్నాడు జగన్నాధం నవ్వుతూ.

"నగని మీరు ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"మంగళవారం. చవితికి పద్మ వేసుకుంటాదేమోనని సొరుగు తీసి, పెట్టి మూతెత్తి కళ్ళారా చూశాను. పెట్టిలో నిగనిగలాడతా ఉన్నాది. సొరుగు తాళం బీరువాలోనే మేకుకి వేలాడతాది. మర్నాడు బీరువాలో చెయ్యి పెట్టింది అసిరి ఒక్కర్తే."

"మీరమ్మా?"

పద్మకుమారి మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. ముఖంలో ఇంకా పసుపు విరగలేదు. "ఉగాదినాడు వేసుకుని నా సేత్తోనే పెట్టినాను. మా అమ్మ నాకు పెట్టిన నగండి అది. తరవాత మంచం దిగనేదు. బుధారం సాయంత్రం ఈయన సూడమంటే మెల్లిగా లేసి సూసినాను, ఉత్త పెట్టి ఉన్నాది" అంది.

బీరువా తలుపు తెరవగానే డేవిడ్‌రాజు రెండడుగులు వెనక్కి వేశాడు. ముక్కిన బట్టల వాసన, చెమట, ఎప్పటిదో కొబ్బరినూనె, వీటన్నిటి కింద చచ్చిన ఎలుక కంపు. అసిరమ్మ సర్దిన రెండు అరలూ బుధవారం గొడవలో మళ్ళీ కలగాపులగం అయిపోయాయి. పట్టుచీరలో చుట్టుకుపోయిన బనీను ఒకటి, అంచుకి బూజు పట్టిన తువ్వాలు ఒకటి. పై అరలోంచి బొద్దింకలు బిలబిలమంటూ దిగి, నరసింగరావు చేతి మీదుగా పాకిపోయాయి. ఆయన ముఖం ఆముదం తాగినట్టయింది గాని చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

చొక్కాల అరలో అడుగున నాలుగు పాప్లిన్ చొక్కాలు కుక్కి ఉన్నాయి. వాటి కాలర్ల లోపలి వైపు చూసి పక్కన పెట్టాడు. ఆ తర్వాత సొరుగు లాగి నగల పెట్టె బయటికి తీశాడు. ఎర్ర మఖమలు పరిచిన పెట్టె అది. కాసులపేరు ఒదిగి కూర్చునేలా మఖమలులో గుండ్రంగా గాడి ఉంది. ఆ గాడి పొడుగునా నల్లటి చిన్న చిన్న గింజల్లాంటివి అంటుకుని ఉన్నాయి. వాటి మీద బూజు నూగు.

"ఇవేమిటి గురువుగారూ?" అన్నాడు డేవిడ్‌రాజు ముక్కు మూసుకునే.

"చూసి చెప్పు."

డేవిడ్‌రాజు గోటితో ఒకటి గీకాడు. పెళుక్కున విరిగింది. లోపల ఏమీ లేదు. "బొద్దింక గుడ్ల డొల్లలు! పిల్లలు ఎప్పుడో వెళ్ళిపోయాయి. ఛీ ఛీ!" అని చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

నరసింగరావు పెట్టె మూసి రుమాల్లో చుట్టుకున్నాడు. నాలుగు చొక్కాలూ డేవిడ్‌రాజు సంచిలోకి పోయాయి. గుమ్మం దగ్గర జగన్నాధాన్ని మామూలుగా అడిగాడు. "పనుల మీద ఊళ్ళు తిరుగుతుంటారా?"

"రాజాం వైపు రోడ్డు పని ఉన్నాది. వారానికి రెండ్రోజులు అక్కడే."

"బస?"

"ప్రయాణికుల బంగళాలోనండి. ఇంకెక్కడుంటాం?"

దారిలో చాకలి లక్ష్ముణ్ణి పట్టుకున్నారు. చొక్కాలు ఎండలో పెట్టి చూసి అతను తల అడ్డంగా ఊపాడు. "మూడు సుక్కలూ నావే. సున్నాలో గీత మా పేటలో ఎవులూ పెట్టరు. ఇది రాజాం మా మావ సెయ్యి."

"బంగళాలో దిగినవాళ్ళ బట్టలకి కూడా పెడతాడా?"

"అదెలగ పెడతాడండి? ఒకరోజు గుడ్డలకి గుర్తెందుకు? నెలనెలా ఉతికే ఇంటి గుడ్డలకే నల్లజీడి రసం పెడతాం. ఇంటికో గుర్తు. అది గుడ్డ సిరిగినా పోదు. ఏ ఇంటిదని అడిగితే మా మావ నిద్దట్లో అయినా సెప్తాడు."

మర్నాడు శనివారం పొద్దుటి బస్సుకి డేవిడ్‌రాజు ఒక చొక్కా పట్టుకుని రాజాం వెళ్ళాడు. సాయంత్రానికి తిరిగి వచ్చి, చూసింది చూసినట్టు చెప్పాడు. నరసింగరావు అంతా విని, సబ్బు పెట్టి చేతులు కడుక్కున్నాడు.

* * *

ఆదివారం జగన్నాధం వరండాలో అందరూ చేరారు. హెడ్ కానిస్టేబుల్ కుర్చీలో, పద్మకుమారి గుమ్మంలో, లక్ష్ముడు మెట్ల మీద ఉన్నారు. అసిరమ్మ వీధిలోనే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. బుధవారం వినోదం చూసినవాళ్ళంతా మళ్ళీ అరుగుల మీదికి వచ్చారు.

నరసింగరావు రుమాలు విప్పి నగల పెట్టె స్టూలు మీద పెట్టాడు.

"జగన్నాధం గారు మంగళవారం ఈ పెట్టెలో కాసులపేరు కళ్ళారా చూశానన్నారు. హెడ్డు గారూ, ఆ గాడిలోకి చూడండి. అవి బొద్దింక గుడ్ల డొల్లలు. గుడ్డు పెట్టాక, అది పగిలి పిల్ల బయటికి పోవడానికి నెల పైన పడుతుంది. కాసులపేరు ఆ గాడిలో ఉంటే అక్కడ బొద్దింక గుడ్డు పెట్టడానికి చోటుండదు. అంటే నగ పోయింది బుధవారం కాదు, కనీసం నెల కిందట. అప్పటికి అసిరమ్మ ఈ బీరువా ముట్టుకోనేలేదు. మరి ఈయన మంగళవారం చూసింది దేన్ని?"

జగన్నాధం నవ్వబోయాడు. "పురుగుల్ని సాక్ష్యం తెచ్చారేటండి?"

"పురుగులు అబద్ధం చెప్పవు. ఇక ఈ చొక్కాలు. ఒక్కొక్క దానికీ రెండు గుర్తులు. ఒకటి ఈ ఇంటిది, రెండోది రాజాంలో నెలనెలా గుడ్డలు వేసే ఇంకో ఇంటిది. ఆ ఇల్లేదో రాజాం చాకలి చూపించాడు. చెప్పు డేవిడ్."

డేవిడ్‌రాజు గొంతు సవరించుకున్నాడు. "కంట్రాక్టరు గారు ఏణ్ణర్ధం నుంచి నడుపుతున్న కాపురమండి. ఆమె నన్ను చూసి దాక్కోలేదు. ఈయన పెళ్ళాం పోయిందని చెప్పి మనువాడాడట. మెడలో కాసులపేరు ఉంది. మొదటి భార్య నగ, నీకే చెందాలని ఇచ్చాడట."

గుమ్మంలో పద్మకుమారి తలుపు రెక్క పట్టుకుంది.

"భార్య మంచం పట్టి ఉండగా నగ తీసుకుపోయాడు. బీరువా సర్దేవాళ్ళు లేరు గనక ధీమాగా ఉన్నాడు" అన్నాడు నరసింగరావు. "బుధవారం అసిరమ్మ గుర్తులు చూసింది. తన చొక్కా కాలరు ఏనాడూ తిప్పి చూసుకోని మనిషికి, మడత పెట్టేవాళ్ళు చూస్తారని తోచలేదు. ఆమె లక్ష్ముణ్ణి అడిగితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. పైగా ఇంకో గంటలో సొరుగు తెరుస్తుంది. ఆ గంటలోనే ఆలోచించాడు. దొంగని చేస్తే ఇక ఆమె ఏం చెప్పినా ఎవరూ నమ్మరు గదా! నేను పోలీసులో పన్నెండేళ్ళు చేశాను. కత్తిపోట్లు చూశాను, కుళ్ళిన శవాలు చూశాను. నాకు వాంతి వచ్చేది ఇలాంటివాళ్ళని చూస్తేనే."

జగన్నాధం అందరి ముఖాల్లోకీ చూశాడు. అప్పుడు కూడా సిగ్గుపడలేదు. గొంతు తగ్గించి, "సరే, ఏదో అయిపోయినాది. ఇంటి సంగతి ఈదిలోకెందుకు? అసిరీ, రేపట్నుంచి పన్లోకి వచ్చీ. నానేటీ అనను" అన్నాడు.

డేవిడ్‌రాజు ఖాండ్రించి వీధిలోకి ఉమ్మేశాడు. గురువుగారు అతన్ని మందలించలేదు.

పద్మకుమారి లోపలికి వెళ్ళింది. మొగుడి బట్టలు చేతికి దొరికినన్ని పట్టుకొచ్చి వరండా మీంచి వీధిలోకి విసిరేసింది. "నీ బతుకు సెడ! నన్ను సంపేసినావట్రా!" అని అరిచింది. తర్వాత అరుగుల వైపు తిరిగింది. "అందరూ ఇనండి. మా అసిరమ్మ దొంగ కాదు. దొంగ మా ఇంట్లోనే ఉన్నాడు."

హెడ్ కానిస్టేబుల్ టోపీ పెట్టుకుని జగన్నాధాన్ని స్టేషనుకి నడవమన్నాడు.

పద్మకుమారి మెట్లు దిగి వచ్చి అసిరమ్మ చెయ్యి పట్టుకుంది. "తప్పైపోయినాది అసిరీ. రేపు రావే. నువ్వు నేకపోతే ఈ ఇంట్లో నానెవరితో ఉండను?"

అసిరమ్మ చెయ్యి లాక్కోలేదు. ఆమె ముఖంలోకి చూసింది.

"ఇరవయ్యేళ్ళు నీ సీరలు మడత పెట్టినాను తల్లీ. నీ జొరానికి కాళ్ళు పిసికినాను. ఆయన మగోడు, అబద్ధం ఆడినాడు. నువ్వు నన్నెరుగుదువు. ఎరిగుండి నా కొంగు ఇప్పినావు" అంది. "నాను రాను."

చెయ్యి మెల్లిగా విడిపించుకుంది. రోడ్డు మీద పడున్న బట్టలు తొక్కకుండా, పక్కనించి నడిచి వెళ్ళిపోయింది.