ఇప్పుడే తిన్నాం, తీతా

రియా మే అనే పిల్లని ఎవరు ఏమడిగినా జవాబు ఇంట్లో అందరి నోళ్ళలోంచీ వచ్చేది, ఆ పిల్ల నోట్లోంచి తప్ప.

ఆ పొద్దునా అంతే. వెల్లుల్లి వేసి వేయించిన అన్నం, ఎండుచేపలు బల్ల మీద పెట్టి, "ఇంకొంచెం పెట్టనా?" అని అడిగింది తల్లి ఎర్లిందా. రియా మే నోరు తెరిచేలోగా, "పెట్టు, పెట్టు, బస్సులో ఆకలేస్తుంది" అన్నాడు తాత, లోలో సీసో.

"వద్దులే, బస్సులో కక్కుతుంది" అని తనడిగిన దానికి తనే జవాబు చెప్పుకుని గిన్నె మూసేసింది ఎర్లిందా. రియా మే తెరిచిన నోరు మూసుకుంది. పద్దెనిమిదేళ్ళుగా అలవాటైన పనే. తండ్రి రోహెల్ అయితే తెల్లారకుండానే కొబ్బరి దింపుకి జారుకున్నాడు. వీడ్కోళ్ళంటే అతనికి తుపానుకంటే భయం.

మకిలింగ్ కొండ కింద ఉన్న విశ్వవిద్యాలయంలో సీటు రావడం ఒక ఎత్తు, దాని ఆవరణలోని ఆడపిల్లల హాస్టల్లో మంచం దొరకడం ఇంకో ఎత్తు. మంచాలు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. చీటీలు తీస్తే రియా మే పేరు వచ్చింది. ఈ సాయంత్రం ఐదులోగా చేరకపోతే ఆ మంచం వరసలో ఉన్న ఇంకో పిల్లకి వెళ్ళిపోతుంది. ఆ మంచం మీద రియా మే ప్రాణాలు పెట్టుకుంది. ముక్కూమొహం తెలియని పిల్లలతో ఒక గది, తన తరఫున ఎవరూ మాట్లాడని చోటు! ఈ కోరికా ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి సందు ఎవరిచ్చారు గనక?

చిక్కంతా తీతా పూరింగ్‌తో. ఎర్లిందాకి అక్క, రియా మేకి పెద్దమ్మ, వాళ్ళ మాటలో తీతా. ఆ విశ్వవిద్యాలయం గేటు ఎదుటి సందులో లేత కొబ్బరి కేకులు కాల్చి అమ్ముతుంది. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. నెల రోజులుగా ఫోన్ మీద ఫోన్, పిల్లని తన దగ్గరే ఉంచమని.

"అమ్మా, నేను హాస్టల్లో ఉంటున్నానని తీతాకి చెప్పావా?"

"చెప్పక?"

"ఏమని?"

"నీకెందుకక్కా శ్రమ, అన్నాను."

"అది చెప్పడమా అమ్మా!"

"మరింకెలా చెప్తారే? పెద్దది. మొహం మీద 'వద్దు' అనమంటావా? ఆవిడకి అర్థమయ్యే ఉంటుంది."

రియా మే తల పట్టుకుంది. ఈ గడ్డ మీద మనుషులు ఎలాంటివాళ్ళంటే, మూడు రోజులు పస్తున్నా సరే, ఎవరైనా భోజనానికి పిలిస్తే "ఇప్పుడే తిన్నామండీ" అంటారు. పిలిచినవాళ్ళు నమ్మరు. నమ్మితే వాళ్ళకే అప్రతిష్ఠ. మూడుసార్లు బతిమాలాక వచ్చి కూర్చుని, కుండ అడుగు గీకి వెళ్తారు.

బస్సులో బియ్యం మూట ఒళ్ళో పెట్టుకుని లోలో సీసో మనవరాలి మొహం చూశాడు.

"ఇది వంశంలోనే ఉంది తల్లీ. మా తాత ఏరు దాటుతుంటే మొసలి కాలు పట్టుకుంది. ఆ కాలం మొసళ్ళకి మర్యాద ఎక్కువ. 'నొప్పిగా ఉందా?' అని అడిగింది. 'అబ్బే, లేదండీ, కానివ్వండి' అన్నాడు మా తాత. 'రెండోది కూడా పట్టుకోనా?' అంది. 'మీకెందుకండీ శ్రమ' అన్నాడు. ఒప్పుకున్నాడనుకుంది."

"మరెలా బతికాడు?"

"మొసలే సిగ్గుపడి ఒడ్డున దింపి పోయింది. ఒక కాలు మాత్రం దాని దగ్గరే ఉండిపోయింది."

ఎర్లిందా నవ్వలేదు. దారంతా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

బస్సు దిగి సందు మలుపు తిరిగేసరికి ముగ్గురి కాళ్ళూ ఆగిపోయాయి. ఈ చివరి కరెంటు స్తంభం నుంచి ఆ చివరి దానికి ప్లాస్టిక్ బ్యానర్. దాని మీద 'మా ఇంటికి స్వాగతం, రియా మే!' అని అక్షరాలు. పక్కన తలుపంత ఫొటో. ఆ ఫొటో రియా మేది కాదు, తీతా పూరింగ్‌ది. పిల్ల ఫొటో కింద మూలన, తపాలా బిళ్ళంత.

"అర్థమయ్యే ఉంటుందన్నావు" అంది రియా మే.

ఎర్లిందా బియ్యం మూట చాటుకి జరిగింది.

తీతా పూరింగ్ వాకిట్లోకి పరుగున వచ్చింది. రియా మే ఆమె చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంది, పెద్దవాళ్ళ ఇంట్లో అడుగు పెడుతూ అందరూ చేసే పనే. లోపల బల్ల మీద ముక్కలు కొయ్యకుండా కాల్చిన పంది, కొండలా నూడుల్స్, అరిటాకుల్లో అన్నం. పక్క గదికి కొత్త రంగు, గులాబీ. కర్టెన్లు గులాబీ. చెప్పులు పెట్టుకునే చెక్క కూడా గులాబీయే. గోడ గడియారంలో నాలుగు కావస్తోంది.

"కూర్చోండి, తినండి!"

"ఇప్పుడే తిన్నాం అక్కా" అంది ఎర్లిందా అలవాటుగా. తిని ఏడు గంటలైంది.

రియా మే గుండె చిక్కబట్టుకుంది. "తీతా, నాకు హాస్టల్లో మంచం వచ్చింది. అక్కడే ఉంటాను."

"అయ్యో పిచ్చిపిల్లా, నాకేం శ్రమ కాదే!"

"శ్రమ అని కాదు తీతా. నేను నిజంగానే హాస్టల్లో ఉంటాను."

"ఎర్లిందా, ఎంత బాగా పెంచావే! రెండోసారి కూడా వద్దంటోంది."

"నాకు ఇక్కడ ఉండాలని లేదు తీతా!"

"మూడోదీ అయిపోయింది. ఇంక కూర్చుని తిను" అని పంది చర్మం కరకరలాడే ముక్క ఆమె ఆకులో వేసింది తీతా పూరింగ్.

రియా మే తల్లి వైపు చూసింది. తల్లి నూడుల్స్ వైపు చూసింది. తాత వైపు చూస్తే, ఆయన అప్పటికే పంది చెవి నములుతున్నాడు. గడియారం నాలుగు కొట్టింది. ఈ ఇంట్లో 'వద్దు' అన్న మాటకి ఎంత గట్టిగా అంటే అంత మర్యాద అని అర్థం. ఇంక ఏ మాట వాడాలి?

ఆ పిల్ల లేచింది. ముక్క ముట్టుకోకుండా, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, తీతా పూరింగ్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, వంగి నుదుటికి ఆనించుకుంది.

వచ్చేటప్పుడు ఒకసారి, వెళ్ళేటప్పుడు ఒకసారి చేసే నమస్కారం అది. వడ్డించిన ఆకు ముందు నుంచి లేచి సెలవు తీసుకున్న మనిషిని ఆ సందు ఎన్నడూ చూడలేదు. తాత నమలడం ఆపేశాడు.

"అయితే... నిజమా?" అంది తీతా పూరింగ్. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. తర్వాత చెల్లెలి మీదికి తిరిగింది. "నెల్లాళ్ళు ఫోన్లో మాట్లాడావే! ఒక్కసారి చెప్పలేకపోయావా?"

"చెప్పానక్కా! శ్రమ పడకు, శ్రమ పడకు అని ఎన్నిసార్లన్నాను!"

"అన్నావు గనకే గోడలకి రంగు వేయించాను! ఏ రంగు ఇష్టమని అడిగితే గులాబీ అన్నావు గనకే గులాబీ వేయించాను!"

"నాకు గులాబీ ఇష్టం లేదు" అంది రియా మే.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆమె వైపు తిరిగారు.

"మరి ఏ రంగు ఇష్టమే?" అని అడిగింది తీతా పూరింగ్.

ఎర్లిందా నోరు తెరిచింది. కూతురికి ఏ రంగు ఇష్టమో తనకి తెలియదని అప్పుడు తెలిసింది ఆమెకి. తెరిచిన నోరు మెల్లగా మూసుకుంది.

"ఆకుపచ్చ" అంది రియా మే.

ఎర్లిందా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను దాన్ని ఎప్పుడూ అడగలేదక్కా. నీకు 'వద్దు' అని చెప్పలేకపోయాను, దాన్ని చెప్పనివ్వనూలేదు."

తీతా పూరింగ్ కుర్చీలో కూలబడింది. కోపం పోయాక ఆమె బ్యానర్ మీది మనిషిలో సగం కూడా లేదు. "ఆయన పోయాక ఒక్కదానికి ఎంత వండుకోవాలో నాకిప్పటికీ చేతికి రాలేదే. రోజూ ఇద్దరికి వండుతాను. రోజూ మిగులుతుంది. రెండో పళ్ళానికి మనిషి దొరికిందనుకున్నాను."

రియా మే ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"ప్రతి ఆదివారం వస్తాను తీతా. ఆ రోజు ఇద్దరికే వండు. ఇది మర్యాదకి అనడం లేదు."

"మూడుసార్లు పిలిపించుకోవా?"

"ఒక్కసారి కూడా పిలవకు. నేనే వస్తాను."

తీతా పూరింగ్ కొంగు లేదు గనక బల్ల గుడ్డతోనే ముక్కు తుడుచుకుంది. గడియారం చూసి ఎగిరి లేచింది. "అయ్యో, నాలుగున్నర! కూర్చున్నారేమే మొద్దుల్లారా! మంచం పోదూ?"

మూడు చక్రాల బండిలో నలుగురు మనుషులు, బియ్యం మూట, పెట్టె, అరిటాకుల్లో చుట్టిన అరపంది. పంది కాలు బండి బయటికి వేలాడుతూ దారిలో ఇద్దరు విద్యార్థుల్ని తన్నిందని లోలో సీసో తర్వాత ఊళ్ళో చెప్పుకున్నాడు. ఐదు కొట్టే ముందు హాస్టల్ మెట్ల మీద పడ్డారు.

బల్ల వెనక వార్డెనమ్మ కళ్ళజోడు పైకెత్తి చూసింది. "పేరు?"

తాత నోరు తెరిచాడు. ఎర్లిందా ఒక చేత్తో ఆయన నోరు మూసింది, రెండో చేత్తో తన నోరు మూసుకుంది.

"రియా మే" అంది రియా మే.

వార్డెనమ్మ రాసుకుని, వచ్చిన ప్రతి పిల్లనీ అడిగినట్టే, తలెత్తకుండా అడిగింది. "తిన్నావా తల్లీ?"

"లేదండీ. చాలా ఆకలిగా ఉంది."

వార్డెనమ్మ కలం ఆగిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె ఈ జవాబు వినలేదు. తీతా పూరింగ్ ఫక్కున నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే ఆ బల్ల మీదే అరిటాకు విప్పింది.

లోలో సీసో కళ్ళు తుడుచుకున్నాడు.

"మా తాత కాలు," అన్నాడు, "ఇవాళ ఇంటికొచ్చింది."